దేశోద్ధారకుని తొలి వర్తకము

పసుపుపచ్చని లేపనము నింపిన చిన్న సీసా యొకటి మన పెద్దవారి మంచముల దగ్గరను, ప్రయాణపు సంచులలోను కనబడుచుండును. తలనొప్పికి, నడుము నొప్పికి, జలుబునకు దానిని రాచుకొనుట మనకు చిన్ననాటినుండి తెలిసినదే. దాని పేరు అమృతాంజనము. దానిని లోకమునకు పరిచయము చేసినవారు తెలుగువారనియు, ఆ వర్తకమును ఆయన ఆంధ్రదేశమున గాక బొంబాయి నగరమున ప్రారంభించిరనియు మన విద్యార్థులలో ఎందరికి తెలియునో చెప్పలేము. ఆయనయే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. దేశోద్ధారకుడని, విశ్వదాత యని ఆంధ్రులు ఆయనను కొనియాడిరి.

పంతులుగారి చరిత్ర వ్రాసినవారు సాధారణముగా ఆయన పత్రికలను, దానధర్మములను, దేశసేవను విపులముగా వర్ణించి, వర్తకమును రెండు వాక్యములలో దాటివేయుదురు. మేమిచట ఆ రెండు వాక్యములయొద్దనే కొంతసేపు నిలువదలచితిమి. మన పాఠశాలలో చదువుకొను పిల్లల తలిదండ్రులలో పలువురు చిన్న చిన్న వ్యాపారములు చేసికొని బ్రదుకువారే. ఒకరు అప్పడములు, వడియములు చేసి అమ్ముదురు. ఒకరు కుట్టుమిషను పెట్టుకొందురు. మరియొకరు మందుల దుకాణము తెరతురు. మంచి సరకునకు ప్రచార మెందుకు, దాని గుణమే దానిని అమ్మును అని వీరిలో చాలమంది నమ్మకము. పంతులుగారి సరకు మంచిదే. అయినను ఆయన అట్లు నమ్మి చేతులు కట్టుకొని కూర్చుండలేదు.

ఆయన 1867వ సంవత్సరమున కృష్ణా జిల్లాలోని పెసరమిల్లి గ్రామమున జన్మించిరి. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. స్వగ్రామమున ప్రాథమిక విద్య, పిదప మచిలీపట్టణమున పై చదువు, అటు తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాల. ఆ దినములలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసములు యువకుల మనస్సులను కలచివైచుచుండెను. నాగేశ్వరరావుగారు కూడ వానిని శ్రద్ధతో చదివినవారే. పత్రిక యనునది మనుష్యుల తలపులను మార్చగలదని ఆయనకు తెలిసినది అప్పుడే అయియుండును.

పట్టము పుచ్చుకొన్న బ్రాహ్మణ యువకునకు ఆ కాలమున రెండే మార్గములు కనబడెడివి: సర్కారు కొలువు, లేక వకీలు పని. వర్తకము తక్కువ పని యనియు, మందులు నూరి డబ్బాలలో పెట్టి అమ్ముట మరింత తక్కువ యనియు ఇరుగుపొరుగువారు తలచెడివారు. పంతులుగారు ఆ చూపులను లెక్కచేయలేదు. మద్రాసులో కొంత ప్రయత్నించి, కలకత్తా వెళ్ళి అచ్చట మందుల వ్యాపారపు మెలకువలు నేర్చుకొనిరి. పిమ్మట బొంబాయి చేరి ఒక సంస్థలో పనిచేసిరి. ఇతరుల దుకాణమున పనిచేసి, ఇతరుల సరకు ఎట్లు వచ్చునో, ఎట్లు పోవునో కండ్లార చూచిన పిదపనే ఆయన తన సొంత సరకునకు పూనుకొనిరి. 1893లో అమృతాంజనము వెలువడెను. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లు.

బొంబాయి అప్పుడే మహానగరము. రేవు, బట్టల మిల్లులు, దేశము నలుమూలలకు సాగిన రైలుమార్గములు. ఇటు బొంబాయినుండి, అటు మద్రాసునుండి వచ్చిన రైలుదారులు 1871లోనే రాయచూరునొద్ద కలిసినవి. నగరమున తెలుగువారు లేకపోలేదు. కామాటిపుర మను పేట పేరే అచ్చట స్థిరపడిన తెలుగు కామాటీలవలన వచ్చినది. మిల్లులలో తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు పనిచేసెడివారు. కాని వారిలో అధికులు కూలిపని చేసికొను పేదలు. కేవలము మనవారిని నమ్ముకొని మందుల వ్యాపారము సాగదు. కొనువారు మరాఠీలు, గుజరాతీలు, పారసీలు, కన్నడిగులు, తమిళులు. ఏ ఒక్కరికిని కాశీనాథునివారెవరో తెలియదు. కొత్త మందునకు కావలసినది మొదట నమ్మకము. ఊరు కాని ఊరిలో నమ్మకమును తెచ్చుటెట్లు? ఇది ఆయన ముందున్న చిక్కు. పరాయి ప్రాంతమున దుకాణము తెరచిన ప్రతివారును ఎరిగిన చిక్కే యిది.

మొదట పేరును చూడుడు. అమృతము, అంజనము: రెండును సంస్కృత పదములు, సవర్ణదీర్ఘసంధి చేసి కలిపినవి. వ్యాకరణపు గంటలో ఈ ఉదాహరణ నిచ్చిన పిల్లలు ఎన్నడును మరువరు. ఈ పేరు తెలుగువానికెంత సులభమో మరాఠీవానికి, బెంగాలీవానికి, కన్నడిగునకు అంత సులభము. అందరి నోటను పలుకును, అందరికిని అర్థము తెలియును, వినగానే మేలు జరుగునను భావము కలుగును. అచ్చ తెలుగు పేరు పెట్టియుండిన మన చెవికి ఇంకను ఇంపుగా నుండెడిదేమో గాని, బొంబాయి బజారున అది నిలిచెడిది కాదు. అంజనమనగా తెలుగువారికి కాటుకయే మొదట స్ఫురించును. అయినను ఈ అంజనమును కంటి దరికి చేర్చరాదని వేరుగ చెప్పనక్కరలేదు, ఒకసారి పొరపాటున చేర్చినవారికి జన్మమంతయు జ్ఞాపకముండును!

తరువాతిది పంతులుగారి కీర్తి వెనుక నున్న అసలు యుక్తి. ఆయన సంగీత సభలకు వెళ్ళి, అచ్చటికి వచ్చినవారికి అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టించెడివారని ప్రతీతి. వినుటకు ఇది చిన్న సంగతి. ఆలోచించినకొలది దీనిలో ఎంత లెక్క యున్నదో బోధపడును.

సంగీత సభకు వచ్చువారెవరు? వకీళ్ళు, ఉద్యోగులు, వర్తకులు, వారి కుటుంబములు. అనగా చేతిలో కొంత డబ్బు కలిగి, పది ఇండ్లవారితో పరిచయము కలిగినవారు. వారు గంటలతరబడి ఒకేచోట కూర్చుండెదరు. జనసమ్మర్దము, దీపముల వేడి, రాత్రి నిద్ర లేమి. కచ్చేరి సగము గడచునప్పటికి కొందరికైనను తల బరువెక్కును, మెడ పట్టును. మందు అవసరమైన మనిషి, అవసరమైన వేళ, కదలక కూర్చున్నచోట దొరకినాడు. సంతలో దారిన పోవువానికి ఇచ్చిన డబ్బీ సంచిలో పడి మరువబడును. ఇచ్చట ఇచ్చినది అక్కడికక్కడే నుదుటికి ఎక్కును.

ఇంకొక విశేషము. కర్పూరము, మెంథాల్ వంటి ద్రవ్యములు గల లేపనము చర్మమునకు తగిలిన కొన్ని నిమిషములలోనే చల్లదనమును కలిగించును. మెంథాలు చర్మమును నిజముగా చల్లబరచదు. చల్లదనమును గుర్తించు నరములను తట్టిలేపును, అంతే. ఉపశమనము మాత్రము వెంటనే తెలియును. బలమునిచ్చు లేహ్యమును ఉచితముగా పంచిన ప్రయోజన మేమి? అది నెలదినములు తినినగాని ఫలితము తెలియదు. అప్పటికి ఇచ్చినవాని పేరును మరచిపోవుదురు. లేపనము సంగతి అట్లు కాదు. రెండవ కీర్తన ముగియులోపల గుణము తెలిసిపోవును. అంతేకాదు, దాని ఘాటైన వాసన ప్రక్కవాని ముక్కునకు సోకును. ఒకరు రాచుకొన్న నలుగురు వెనుదిరిగి అదేమని అడుగుదురు. డబ్బు పుచ్చుకొనని ప్రచారకుడు ఆ వాసన.

ఉచితముగా ఇచ్చుట నష్టము కాదా యని మన దుకాణదారులు అడుగవచ్చును. లెక్క వేయుదము. ఒక సీసాలోని లేపనము ఎందరి నుదుళ్ళకు సరిపోవునో ఇంట నున్నవారికి తెలియును. ఒక్కొక్కరికి కావలసినది వ్రేలికొనయంత. అట్టి సీసా యొకదానిని పంచినచో, రుచి చూచిన పలువురిలో ఇద్దరు మరునాడు కొనినను పెట్టుబడి తిరిగివచ్చును. ఆ యిద్దరు ఇండ్లలో అలవాటు పడినచో సంవత్సరము పొడుగునను కొనుచునే యుందురు. పట్టుచీరల వర్తకుడు ఈ పని చేయలేడు. చీరను ఊరక ఇచ్చిన దుకాణము మూయవలసినదే. చిన్న మోతాదులో గుణము చూపగలిగి, తరుగుచు మరల మరల కొనవలసివచ్చు సరకునకే ఈ పద్ధతి తగును. అప్పడములు చేయువారికి తగును. ఊరగాయల వారికి మరింత తగును. పంతులుగారి యుక్తిని గ్రుడ్డిగ అనుకరింపక, తమ సరకేదియో చూచుకొని అనుకరింపవలెను.

పంచిపెట్టుటతో పని ముగియలేదు. సభలో గుణము చూచిన మనిషి మరునాడు దుకాణమునకు వెళ్ళి అడిగినప్పుడు సరకు లేదన్నచో, ముందు రాత్రి చేసిన ఖర్చంతయు గంగపాలే. అందుచేత ప్రచారము ఎంత దూరము పోవునో సరకును అంత దూరము పోవలెను. ఆ కాలమున ఇందుకు రైలు పార్సిలును, తపాలా శాఖయు తోడ్పడినవి. సరకు ముట్టినప్పుడు సొమ్ము చెల్లించు వి.పి. పద్ధతి మన దేశమున 1877లోనే ఏర్పడియుండెను. ఊరిలో దుకాణము లేని పల్లెవాడు సైతము కార్డు వ్రాసి మందు తెప్పించుకొనగలిగెను. మందుల వర్తకులు ఆ రోజులలో దేశమంతట వ్యాపించుటకు ఈ పద్ధతియే పెద్ద కారణము.

నకిలీల బెడద వేరొకటి. వ్యాపార చిహ్నములను నమోదు చేసికొను చట్టము మన దేశమున 1940లో గాని రాలేదు. పేరు పొందిన మందు దేనికైనను పోలిక పేరు పెట్టి, పోలిక రంగు వేసి అమ్మువారు పుట్టెదరు. అట్టి స్థితిలో వర్తకునకు రక్షణ యేమి? ప్రతి సీసాలోను అదే రంగు, అదే వాసన, అదే గుణము ఉండునట్లు చూచుకొనుట యొకటి. అసలు సరకు పేరు, రూపము కొనువారి కండ్లలో నిలిచిపోవునట్లు మరల మరల ప్రకటించుట మరియొకటి.

ప్రకటనల మాట వచ్చినది కనుక మా అభిప్రాయ మొకటి చెప్పవలసియున్నది. ఆనాటి పత్రికలను తిరుగవేసినచో మందుల ప్రకటనలు నవ్వు పుట్టించును. ఒకే మాత్రతో సర్వరోగములు పోవునట, పోయిన యౌవనము తిరిగివచ్చునట! ఇట్టి వాగ్దానములు మితిమీరుటచేతనే 1954లో కేంద్ర ప్రభుత్వము మందుల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించు చట్టమును చేయవలసివచ్చెను. తలనొప్పి లేపనము తలనొప్పిని కొంతసేపు తగ్గించును. దాని మూలకారణమును తొలగింపదు. తన సరకు చేయగలిగిన దానినే చెప్పుకొను వర్తకుని మాట పదేండ్ల తరువాతను చెల్లును. సభలో జనుల చేతికే మందునిచ్చి మీరే చూచుకొనుడనుట, ఎంత పెద్ద అక్షరములతో అచ్చువేసిన పొగడ్తకంటెను నిజాయితీ గల ప్రకటన యని మాకు తోచుచున్నది.

వర్తకము పెరిగెను. పంతులుగారు లక్షాధికారులైరి. ఇచ్చటితో ఆగియుండిన నేడు మేము ఆయనను గూర్చి వ్రాయవలసిన అవసరముండెడిది కాదు.

1907లో సూరతు నగరమున కాంగ్రెసు మహాసభ జరిగినది. మితవాదులు, అతివాదులు తగవులాడి విడిపోయిన సభ యిదియే. పంతులుగారు దానికి వెళ్ళిరి. దేశము నెత్తుటిలో కదలిక పుట్టిన ఆ వేళ తెలుగువారికి తగిన పత్రిక లేని కొరత ఆయన మనస్సును నొప్పించెను. మరుసటి సంవత్సరము, అనగా 1908లో, బొంబాయినుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. పిల్లలు ఈ సంగతిని నిలిచి ఆలోచింపవలెను. తెలుగువారి పత్రికలలో గొప్ప పేరు తెచ్చుకొన్న పత్రిక బెజవాడలోను, రాజమహేంద్రవరములోను గాక మరాఠీ నేలమీద పుట్టినది. ఇంటికి దూరముగా నున్న తెలుగువాడొకడు, తన లాభములోనుండి తీసి, తన భాషకు పెట్టిన ఖర్చు అది.

పత్రికకును వర్తకమునకును గల సంబంధమును గూర్చి కొందరు తేలికగా మాటలాడుదురు. మందును ప్రకటించుకొనుటకే పత్రిక పెట్టినాడందురు. ఆంధ్రపత్రికలో అమృతాంజనము ప్రకటనలు పడిన మాట వాస్తవమే. కాని ప్రకటనలే కావలసినచో ఇతరుల పత్రికలలో కొద్ది రుసుము చెల్లించి వేయించుకొనుట ఎంతయో చవుక. సంపాదకులను, అచ్చుకూటమును పోషించి, సర్కారు కోపమునకు గురియై పత్రిక నడపుట ఏ లెక్క చూచినను లాభసాటి ప్రచారము కాదు. ఏరు ప్రవహించినది మందునుండి పత్రికకే గాని, పత్రికనుండి మందునకు కాదు. ఒక వంక లేపనము పత్రికకు తిండి పెట్టెను. మరియొక వంక పత్రిక ఇల్లిల్లు చేరి లేపనపు పేరును జ్ఞప్తికి తెచ్చుచుండెను. ఇంతమాత్రము ఒప్పుకొనవచ్చును.

1914లో పంతులుగారు తమ కార్యస్థానమును మద్రాసునకు మార్చిరి. అప్పటి చెన్నరాజధానిలో తెలుగు జిల్లాలన్నిటికిని అదియే ముఖ్యపట్టణము. ఏప్రిలు 1వ తేదీనుండి ఆంధ్రపత్రిక దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలు గడవకముందే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగినది. యుద్ధవార్తలకై జనులు ఆతురపడసాగిరి. ఉగాదికి వెలువడు సంవత్సరాది సంచికలు ఆంధ్రుల చరిత్ర, సాహిత్య, కళా విషయముల భాండాగారములై, వాని ప్రతులను పండితులు దాచుకొనునంతటివయ్యెను. 1924లో భారతి మాసపత్రిక పుట్టెను. తెలుగున భారతిలో అచ్చుపడుట ఒక గౌరవముగా రచయితలు భావించిన కాలము చాల దీర్ఘమైనది.

1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలగు పూర్వగ్రంథములను సామాన్యులు కొనగల వెలకు అచ్చువేయించిరి. ఇచ్చటను పాత వర్తకుని చేయి కనబడకపోదు. తాటాకులలో నిద్రించు గ్రంథము ఎంత గొప్పదైనను చదువరి చేతికి అందనిచో లేనట్టిదే. వెల తగ్గించి, అందముగా అచ్చువేసి, పత్రికలో దానిని గూర్చి తెలిపి, తపాలా ద్వారా ఇంటికి పంపవలెను. లేపనమును అమ్మినవాడు పుస్తకమునకు చేసినదియు ఇదే.

మద్రాసులోని మరియొక తెలుగు వైద్యశాలయు ఇట్టి మార్గమునే త్రొక్కినది. లోధ్ర యను స్త్రీల మందునకు పేరు పొందిన కేసరి కుటీరము 1928లో గృహలక్ష్మి యను స్త్రీల మాసపత్రికను ప్రారంభించెను. దాని యజమాని కేసరిగారి పేరిట మద్రాసు తెలుగు పిల్లలకు ఉన్నత పాఠశాలయు ఏర్పడినది. రాష్ట్రము వెలుపల తెలుగు చదువు నిలిచియుండుటలో మందుసీసాల వంతు ఎంత యున్నదో ఎవరైన విపులముగా వ్రాసిన బాగుండును.

పంతులుగారి రాజకీయ జీవితమును క్లుప్తముగా చెప్పెదము. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు ఆయన పెక్కేండ్లు అధ్యక్షులుగా నుండిరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు వెళ్ళిరి; అచ్చట ఊరక కూర్చుండక భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. గ్రంథాలయోద్యమమునకు ఆయన చేయూత ఎన్నడును తప్పలేదు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. కోస్తా, రాయలసీమ నాయకులు ఒక అంగీకారమునకు వచ్చిన శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16న జరిగినది మద్రాసులోని ఆయన గృహముననే. ఆ ఇంటి పేరే శ్రీబాగ్.

అప్పటికి ఒక సంవత్సరము ముందు, 1936లో, అమృతాంజనము వర్తకము పరిమిత కంపెనీగా మార్చబడెను. ఒక్క మనిషి చేతిమీద నడచు వ్యాపారము ఆ మనిషితోనే పోవును. వాటాలతో, నిబంధనలతో ఏర్పడిన కంపెనీ అతని తరువాతను నడచును. 1938 ఏప్రిలు 11న పంతులుగారు పరమపదించిరి. దానములకు వెనుకాడని చేయి గనుక విశ్వదాత యను పేరు ఆయనకు ఊరక రాలేదు.

ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను, వర్తకమును చేపట్టి నడపిరి. ఆంధ్రపత్రికయు, భారతియు 1991 వరకు బ్రదికినవి. పిదప ఆగిపోయినవి. కంపెనీ 2007లో పేరును కొంత మార్చుకొనెను గాని, అమృతాంజనము మాత్రము నేటికిని అంగడిలో దొరకుచునే యున్నది. మద్రాసు మైలాపూరులో, లజ్ ప్రాంతమున, పంతులుగారి పేరిట ఒక ఉద్యానవనము కలదు. చెన్నపట్టణము వెళ్ళిన పిల్లలు చూచి రావచ్చును.

ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలును, భారతి పాత సంపుటములును పెక్కు ఇప్పుడు అంతర్జాలమున చదువుకొనుటకు లభించుచున్నవి. పెద్ద తరగతుల విద్యార్థులు వానిని తెరచినప్పుడు పద్యములను, వ్యాసములను చదివి ఊరకుండక, చివరి పుటలలోని ప్రకటనలను కూడ చూడుడని కోరుచున్నాము. వానినడుమ అమృతాంజనపు సీసా బొమ్మ ఎచ్చటనో యొకచోట తప్పక కనబడును.